బండికి ముందు మొగ్గు ఉండాలి

కొత్తింట్లో అడుగు పెట్టగానే మనం ముందు ఏం చేస్తాం? పాలు పొంగిస్తాం. అందుకే ఇల్లు మారేటప్పుడు పొయ్యి దగ్గరికి కావలసినవన్నీ ఆఖర్న ఎక్కిస్తాం. ఆఖర్న ఎక్కినవే ముందు దిగుతాయి కదా! మీరైనా అంతే చేస్తారు. నేనూ అదే చేశాను. ఆ తెలివే ఒకసారి మమ్మల్నందర్నీ నిజంగా రోడ్డున పడేయబోయిందంటే నమ్ముతారా?

ఇది 2011 వేసవిలో సంగతి. మావారి ఉద్యోగం మారడంతో మేం అమెరికాలో డల్లాస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళవలసి వచ్చింది. సుమారు 240 మైళ్ళు, అంటే మన లెక్కలో 385 కిలోమీటర్లు. సోఫాలూ మంచాలూ అక్కడే అమ్మేసి, మిగిలిన సామానుకి చిన్న ట్రైలరు అద్దెకి తెచ్చుకున్నాం. ట్రైలరంటే మరేం లేదు, ఇంజను లేని రెండు చక్రాల పెద్ద పెట్టె. మన బండి వెనక తగిలిస్తే దానితోపాటు దొర్లుకుంటూ వస్తుంది. ఇళ్ళు మారేవాళ్ళూ, పడవలు తీసికెళ్ళేవాళ్ళూ అక్కడ ఇలాగే సొంత బండికి తగిలించుకుని పోతుంటారు. మాది ఏడుగురు కూర్చునే వ్యాను. అందులో మావారు, నేను, ఎనిమిదేళ్ళ మా బాబు, ఆర్నెల్లు మాతో వుండి వెళదామని వచ్చిన మా అత్తయ్యగారు.

సర్దడం నా వంతు. ముందుగా పరుపులు, దిండ్లు, బట్టల పెట్టెలు లోపలికంటా తోశాను. తర్వాత బాబు బొమ్మలు. చిట్టచివర, తలుపు పక్కన, నా వంటిల్లు! రాతి గ్రైండరు, ఇనప పెనాలు, స్టీలు డబ్బాలు, 20 పౌండ్ల బియ్యం సంచులు నాలుగు, పప్పులు, పచ్చడి జాడీలు. హమ్మయ్య అని చేతులు దులుపుకున్నాను.

అత్తయ్యగారు బయటికొచ్చి ట్రైలరు వంక కాసేపు చూసి, "అమ్మాయ్, బండి వెనక మొగ్గుగా వుందేమిటే?" అన్నారు. ఆవిడ పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లె. వాళ్ళ నాన్నగారికి రెండు ఎడ్లబళ్ళుండేవి. "ఇది ఎడ్లబండి కాదు నాయనమ్మా!" అని మావాడు పకపకా నవ్వాడు. మేమూ నవ్వాం. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

కార్సికానా అనే ఊరు దాటేదాకా బాగానే వుంది. అందరూ జోరుగా పోతుంటే మావారు కూడా 70 మైళ్ళ వేగం అందుకున్నారు. ఇంతలో ఓ పెద్ద లారీ మమ్మల్ని రాసుకుంటున్నట్టుగా ముందుకి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలరు ఒక పక్కకి ఊగింది. తర్వాత రెండో పక్కకి. మళ్ళీ ఇటు, ఇంకా ఎక్కువగా. మా వ్యాను వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ గుంజుతున్నట్టే వుంది. మావారు కంగారుపడి బ్రేకు నొక్కారు. అంతే, ఊపు రెట్టింపయింది! అత్తయ్యగారు బాబుని పొదివి పట్టుకున్నారు. నాకు నోట మాట రాలేదు.

ఏ దేవుడి దయో, ఆయన బ్రేకు మీంచి కాలు తీసేసి, స్టీరింగుని కదలనివ్వకుండా తిన్నగా పట్టుకున్నారు. వేగం దానంతటదే తగ్గింది. వేగంతోపాటు ఊపూ తగ్గింది. రోడ్డు పక్కన ఆపేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

మీకో నిజం చెప్పాలి. అంతకు పది నిమిషాల ముందే వెనక నుంచి ఏదో చిన్న ఊపు నాకు తెలుస్తూనే వుంది. 'డ్రైవింగు రానిదాన్ని, నేనేం చెబుతాలే' అని ఊరుకున్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మెల్లగా పెట్రోలు బంకు దాకా వెళ్ళి ట్రైలరు తలుపు తీశాం. అప్పుడు అత్తయ్యగారు చెప్పారు: "బండిలో బరువు ఇరుసుకి వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, తాళ్ళు ఎడ్ల మెడకి బిగుసుకుంటాయి. మరీ ముందుకైతే మెడల మీద బరువు పడి అవి నడవలేవు. అందుకని కొంచెం, కొంచెమే ముందు మొగ్గు వుండాలి."

ఎడ్లకైనా వ్యానుకైనా లెక్క ఒక్కటే! వెనక బరువెక్కువైతే ట్రైలరు ముందు భాగం తేలిపోతుంది. బండి వెనక చక్రాలకి రోడ్డు మీద పట్టు సడలుతుంది. కాస్త గాలి తగిలినా తోక ఆడడం మొదలవుతుంది. మావాడు, నేను, మావారు గంటన్నరసేపు ఎండలో అన్నీ దింపి మళ్ళీ ఎక్కించాం. గ్రైండరూ బియ్యమూ ముందుకి, దిండ్లు వెనక్కి. ఆ తర్వాత 55 మైళ్ళు దాటకుండా వెళితే హ్యూస్టన్ దాకా ట్రైలరు వెనక వుందన్న సంగతే తెలియలేదు. అద్దెకిచ్చినవాళ్ళ కాగితాల్లో ఇదంతా రాసే వుంది. చదవనిది మేమే!

మీ పిల్లలో, మీరో విదేశాల్లో ఇలా సామాను లాక్కెళ్ళవలసి వస్తే ఇవి గుర్తుంచుకోండి. సామానులో నూటికి అరవై పాళ్ళు ముందు సగంలో వుండాలి. బరువైనవి కిందా, ఇరుసుకి కొంచెం ముందూ, రెండు పక్కలా సమానంగా పెట్టాలి. ట్రైలరు మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. అంటే మొత్తం 2,000 పౌండ్లయితే 200 నుంచి 300 పౌండ్లన్నమాట. మన బండి ఎంత లాగగలదో దాని పుస్తకంలోనే వుంటుంది. ఖాళీ ట్రైలరు బరువు కూడా అందులో కలిపి లెక్క చూసుకోవాలి. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూస్తాం చూడండి, అలాగే పెట్టెలన్నీ తూచి పైన బరువు రాసేస్తే లెక్క తేలిక.

బయలుదేరే ముందు కొక్కెం సరిగ్గా పడిందా, దాని చీల పెట్టామా చూడాలి. రెండు గొలుసుల్నీ కొక్కెం కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వచ్చేట్టు తగిలించాలి. ఖర్మకాలి కొక్కెం ఊడినా ట్రైలరు మూతి నేలకి గుద్దుకోకుండా ఆ గొలుసులే ఉయ్యాలలా పట్టుకుంటాయి. ఒకరు బ్రేకు నొక్కితే ఇంకొకరు వెనక లైట్లు చూడాలి. టైర్లలో గాలి చూడాలి. కొద్ది దూరం వెళ్ళాక ఆగి అన్నీ మరోసారి చూసుకోవాలి. ముందు బండికి మామూలుకంటే రెట్టింపు ఎడం వుంచాలి. ఊగడం మొదలైతే బ్రేకు మీదకి పోవద్దు. స్టీరింగుని అటూ ఇటూ తిప్పవద్దు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, తిన్నగా పట్టుకుంటే చాలు. వెనక్కి పోవాలంటే స్టీరింగు అడుగున చెయ్యి వేసి, ట్రైలరు ఎటు పోవాలో అటే చెయ్యి జరపాలి. ట్రైలరులో మనుషుల్ని మాత్రం ఎక్కించకూడదు. మన ఊళ్ళలో ట్రాక్టరు ట్రాలీ ఎక్కి పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళకీ చెబుతున్నాను, అది సరుకు కోసమేగాని మనుషుల కోసం కాదు!

ఆ రాత్రి పది దాటాక పాలు పొంగించాం. ఆ మర్నాటి నుంచే డ్రైవింగు నేర్చుకుంటానని మావారితో చెప్పాను, నేర్చుకున్నాను కూడా. ఆ తర్వాత మరో రెండుసార్లు ఇల్లు మారాం. సర్దడం ఇప్పటికీ నాదే. బరువులన్నీ ముందుకి. మరి పాలగిన్నె అంటారా? అదీ, పాల ప్యాకెట్టూ, అగ్గిపెట్టే ఓ సంచిలో నా కాళ్ళ దగ్గరే వుంటాయి.