చింతచెట్టు క్రింది తాటాకులు

గ్రంథకర్త మన వీథిలోనే కాపురముండిన యెడల వాని పుస్తకము కొనువారు అరుదు. వాడు వేయేండ్ల క్రిందట గుహలో తపస్సు చేసినవాడని చెప్పుడు, కన్నుల కద్దుకొని కొందురు. ఈ మాట మేము మన దేశమును మాత్రమే చూచి చెప్పుట లేదు.

యూదుల రహస్యవిద్యలో మిక్కిలి ప్రసిద్ధమైన 'జోహర్' అను గ్రంథము 13వ శతాబ్దము చివర స్పెయిను దేశమున బయలుపడినది. దానిని లోకమున కందించిన మోషే దె లియోన్ అను పండితుడు, తాను ప్రతి వ్రాసిన లేఖకుడను మాత్రమే యనియు, కర్త 2వ శతాబ్దపు గురువగు షిమోన్ బార్ యోహాయ్ అనియు చెప్పెను. ఆ గురువు రోమను ప్రభుత్వమునకు వెరచి కుమారునితో గూడ 13 ఏండ్లు గుహలో దాగియుండెననియు, వారి యాకలి దప్పులు తీర్చుటకై ఒక కరోబు చెట్టును నీటియూటయు వెలసెననియు యూదుల పూర్వగాథ. (కరోబు మన చింతకు దూరపు చుట్టము, గోధుమవన్నె కాయలు కాచును.)

1305లో ఆక్రే నగరపు ఇస్సాకు అను పండితుడు దీని నిజము తెలిసికొనుటకై స్పెయినులో తిరిగెను. మోషే అతనికి కనబడి, ప్రాచీన ప్రతి ఆవిలాలోని తన యింట నున్నదని ప్రమాణము చేసెను. కాని యిల్లు చేరకమునుపే దారిలో మరణించెను. తరువాత ఇస్సాకు విన్న వృత్తాంత మిది. మూలప్రతి నిచ్చినచో నీ కుమార్తెను మా కోడలిగా చేసికొందుమని ఒక ధనికుని యింటివారు మోషే భార్యకు చెప్పిరి. భర్త పోయి, చేత చిల్లిగవ్వ లేని ఆ యిల్లాలు, అట్టి ప్రతి యెన్నడును లేదనియు, అంతయు భర్త స్వబుద్ధితోనే వ్రాసెననియు ఒప్పుకొనెను. నీ పేరే యేల పెట్టుకొనవని తా నడుగగా, నా పేరు చెప్పిన నెవరు లక్ష్యపెట్టుదురని యతడు బదులు చెప్పెనట! మాకు ఈ కథలో గొప్పగా తోచినది ఆ యిల్లాలే. కూతురి పెండ్లి చేజారుచుండగా నిజము పలుకుట సామాన్యము గాదు.

ఇది చెవులు మారి వచ్చిన మాట గావున దీనినే పట్టుకొని తీర్పు చెప్పరాదు. అయినను 1941లో గెర్షోమ్ షోలెమ్ అను విద్వాంసుడు ఆ గ్రంథపు అరామిక్ భాషలో స్పెయినువారి నుడికారమును, పాలస్తీనా భూగోళమునందు తప్పులను చూపి, అందు చాల భాగము మోషే రచనయే యని నిర్ణయించెను. ఒక్కనిది గాదు, ఒక బృందపు రచన యని తరువాతి వారు కొందరనిరి.

ఇక మన కాలజ్ఞానము. 17వ శతాబ్దమున పోతులూరి వీరబ్రహ్మముగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పసుల గాచుచు, రవ్వలకొండ గుహలో కూర్చుండి తాటాకులపై రానున్న కాలమును వ్రాసిరనియు, ఆ యాకులను పాతిపెట్టి పైని చింతచెట్టు నాటిరనియు ప్రతీతి. గుహ యున్నది, చెట్టున్నది. ఆకులు చూచినవారు లేరు. మనకు చేరినది నోటిపాటలుగను, ఒకదానితో నొకటి పొసగని ప్రతులుగను వచ్చినది. మూలము నేలలో నుండగా పైని ఎవరేమి చేర్చినను కాదనుటకు సాక్షి యెవడు?

2020లో బేగంపేటలోని మా యింటికి కరోనాకంటె ముందుగా దానిని గూర్చిన పద్యము ఫోనులో వచ్చినది. వ్యాధి పేరును పోలిన పేరు అందుండెను. మాతో నున్న మా మేనత్త, కర్నూలు జిల్లా ఆడపడుచు, దానిని ముప్పదిమందికి పంపినది. మరుసటి యేడు, రాసిపెట్టినది తప్పదని టీకాకు ఒప్పుకొనదాయెను. "ఈ పద్యము రోగము రాకమునుపు ఎప్పుడైన వింటివా అత్తా?" అని యడిగితిమి. "వినలేదు నాయనా. విన్నింటే మాత్రం నిలిచిపోయేదా?" అన్నది. మాకు జవాబు తోచలేదు. రెండు నెలలకు ఆమె కూతురే చేయిపట్టి తీసికొనిపోయి వేయించినది.

మా బేగంపేటలోనే, పాత విమానాశ్రయమునకు చేరువను, రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనము కలదు. హుస్సేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమకు ఒక అణా చొప్పున వాని కిచ్చి, 1897 ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని అతడు చూచెను. తేదీ యున్నది, రోగి పేరున్నది, అణాల లెక్కయు నున్నది. సందేహమున్నవాడు తానును దోమను కోసి చూచుకొనవచ్చును. అచ్చట కొబ్బరికాయ కొట్టినవారిని మాత్రము మేము చూడలేదు.

ఇంతమాత్రమున వీరబ్రహ్మముగారిని తక్కువ చేసితిమని చదువరు లెంచవలదు. దూదేకుల సిద్ధయ్యను ప్రియశిష్యునిగా చేసికొనెననియు, మాదిగ కులమున బుట్టిన కక్కయ్యకు ఉపదేశ మిచ్చెననియు ఆయన కథలే చెప్పుచున్నవి. ఇది నమ్ముటకు గుహయు చింతచెట్టును అక్కరలేదు, ఆచరించుటయే కష్టము. ఆ మధ్య మా బంధువుల చిన్నవాడొకడు దూదేకులవారి పిల్లను పెండ్లాడగోరినప్పుడు మేము సిద్ధయ్య పేరెత్తితిమి. మా అత్త ఫోను ప్రక్కన బెట్టి, "అదంతా సామి కాలం మాట నాయనా, ఇప్పుడు మనకెట్ల కుదురుతుంది?" అన్నది.