ఇసుకలో ఆలుమగలు

మొగుడూ పెళ్ళాం కలిసి ఎక్కడికి వెళ్తారు? గుడికి వెళ్తారు, పెళ్ళిళ్ళకు వెళ్తారు. పురటాసి నెలలో తిరుపతికి నడిచి వెళ్ళే జంటలు మా పెరంబూరులో వీధికి రెండుంటాయి. మా పిన్నమ్మా చిన్నాయనా మాత్రం సహారా ఎడారికి వెళ్ళారు. చూసి రావడానికి కాదు, పరుగెత్తడానికి. వారం రోజులు, వీపున సంచి వేసుకుని, ఇసుకలో.

ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు మీరంతా నవ్వారు. "డబ్బులిచ్చి మరీ ఎందుకే ఆ అవస్థ?" అన్నారు. ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. గోడ పత్రికలో చోటు దొరికింది కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ఆ పందెం పేరు మారథాన్ దే సాబ్ల్. ఫ్రెంచి భాషలో ఇసుకల మారథాన్ అని అర్థం. మొరాకో దేశంలో జరుగుతుంది. పాట్రిక్ బావర్ అనే ఫ్రెంచి ఆయన 1984లో అల్జీరియా వైపు సహారాలో 350 కిలోమీటర్లు ఒంటరిగా 12 రోజుల్లో నడిచాడు. తాను పడ్డ కష్టం నలుగురికీ పంచాలనుకున్నాడు కాబోలు, 1986లో పందెం పెట్టాడు. మొదటిసారి 23 మంది వచ్చారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వందల మంది వస్తున్నారు. దారి ఏటా మారుతుంది. మొత్తం దూరం 250 కిలోమీటర్లు, అటూ ఇటూగా. అంటే మన చెన్నై నుంచి తిరుపతికి నడిచి వెళ్ళి, మళ్ళీ దాదాపు ఇంటి దాకా నడిచి వచ్చినంత. ఎండ 50 డిగ్రీల దాకా పోవచ్చు.

నీళ్ళూ, రాత్రికి తలదాచుకోను గుడారమూ వాళ్ళిస్తారు. అప్పట్లో నీళ్ళు కూడా లెక్క ప్రకారమే ఇచ్చేవారు. మిగతాదంతా ఎవరి వీపు మీద వాళ్ళే మోసుకోవాలి. రోజుకు కనీసం 2000 కేలరీల తిండి ఉండాలి. సంచి బరువు ఆరున్నర కిలోలకు తగ్గకూడదు, పదిహేను దాటకూడదు. దిక్సూచి, కత్తి, ఈల, అద్దం, తేలో పామో కరిస్తే విషం లాగే పంపు, పది పిన్నీసులు అప్పట్లో తప్పనిసరి. ఈ జాబితా చదివి వినిపిస్తే మా అవ్వ, "పిన్నీసులు మనింట్లోనే ఉండాయి, మిగతావి మీరే తెచ్చుకోండి" అంది.

అప్పట్లో అందరికన్నా వెనక రెండు ఒంటెలు నడిచేవి. అవి దాటిపోయాయంటే ఆ మనిషి పందెం అయిపోయినట్టే.

పిన్నమ్మ బ్యాంకులో పనిచేస్తుంది. చిన్నాయన అంబత్తూరులో ఒక కంపెనీలో ఇంజనీరు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు, మెల్లగా అందరూ అంటారు. ఇల్లు మారడానికి దాచుకున్న డబ్బు తీసి పందేనికి కట్టారని తెలిసినప్పుడు మాత్రం గట్టిగానే అన్నారు. పైగా చిన్నాయన ఊరుకోక మౌరో ప్రోస్పెరి కథ చెప్పాడు. ఆయన ఇటలీ పోలీసు. 1994 పందెంలో ఇసుక తుపానులో దారి తప్పి, గబ్బిలాల రక్తం తాగి ప్రాణం నిలుపుకుని, తొమ్మిది రోజులు దాటాక సరిహద్దు అవతల అల్జీరియాలో తేలాడు. ఆ రాత్రి మా అవ్వ అన్నం ముట్టలేదు.

ఏడాది పాటు ఇద్దరూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మెరీనాకు పోయేవారు. అలలు తడిపిన గట్టి ఇసుక మీద కాదు, కాలు మడమ దాకా దిగబడే పొడి ఇసుకలో పరుగు. సంచుల్లో ఎనిమిదేసి కిలోల బియ్యం. కొన్ని ఆదివారాలు నేనూ వెళ్ళాను. మూడో కిలోమీటరుకే కూలబడి సుండల్ కొట్టు పక్కన కూర్చునేదాన్ని. ఎండకు పాదాలు ఉబ్బుతాయని బూట్లు పెద్ద సైజువి కొన్నారు. ఇసుక లోపలికి దూరితే బొబ్బలెక్కుతాయి, అందుకని బూటు చుట్టూ గుడ్డ తొడుగు కుట్టించాలి. మా వీధి చివర చెప్పులు కుట్టే తాత అది కుడుతూ, "ఇదేందమ్మా, బూటుకు పావడా కుట్టమంటావు" అని ఒకటే నవ్వు. తిండి కోసం పెద్ద పెద్ద పొట్లాలేమీ కొనలేదు. అటుకులైతే చన్నీళ్ళలో నానుతాయి. వంద గ్రాముల వేరుశనగపప్పులో 560కి పైగా కేలరీలున్నాయి. బెల్లం, ఖర్జూరం, చిన్న డబ్బాలో నిమ్మకాయ ఊరగాయ. అంతే.

వెళ్ళే ముందు వారం వంటింట్లో ఒక ఒప్పందం జరిగింది. నేను పక్కనే చిక్కుడుకాయలు వలుస్తున్నాను. "ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళు ఆగకూడదు" అన్నాడు చిన్నాయన. పిన్నమ్మ సరేనంది. "అదేం మాటరా, కలిసి పోయినోళ్ళు కలిసి రావాల గానీ" అని అవ్వ కోప్పడింది. ఆ మాట అన్నప్పుడు ఆగిపోయేది పిన్నమ్మే అని అవ్వ అనుకుంది, నేను అనుకున్నాను, చిన్నాయనా అనుకున్నాడు. పిన్నమ్మ ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

తర్వాత జరిగింది వాళ్ళిద్దరూ చెప్పగా విన్నదే. గుడారానికి ఎనిమిది మంది. గుడారమంటే నల్లటి గుడ్డ పైకప్పు, రెండు వైపులా గాలి. నీళ్ళ సీసాల మీద ఎవరి నంబరు వాళ్ళది. అక్కడ పేరు కన్నా నంబరే ముఖ్యం. "మొదటి రోజు మాట్లాడుకున్నాం, రెండో రోజు పోట్లాడుకున్నాం, మూడో రోజు నోట్లో తడి లేక ఊరుకున్నాం" అని పిన్నమ్మ నవ్వుతూ చెప్పింది. పోట్లాట ఎందుకంటే, చిన్నాయన ముందు పరుగెత్తి, ఇసుక దిబ్బ పైన నిలబడి, ఈమె కోసం ఎదురుచూస్తూ నిట్టూర్చేవాడట. "నిట్టూర్చే ఓపికుంటే నడవండి" అని ఈమె.

నాలుగో అంకం అన్నిటికన్నా పెద్దది. 80 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. పగలు మొదలుపెడితే చాలామందికి రాత్రంతా పడుతుంది. ఆ మధ్యాహ్నం నుంచి చిన్నాయనకు వాంతులు. తాగిన నీళ్ళు తాగినట్టే బయటికి వచ్చేస్తున్నాయి. పొద్దు గుంకే వేళకు ఒక చెక్ పాయింటు చేరారు. అక్కడ డాక్టరు చూసి, ఇక వద్దన్నాడు. చిన్నాయన ఛాతీ మీది నంబరు విప్పేశాడు.

పిన్నమ్మ పక్కన కూర్చుంది. తన సంచి కూడా దించబోయింది.

"దించొద్దు. మాట ఇచ్చినావు కదా, పో" అన్నాడు.

"మీరు?"

"నన్ను చూసుకోను డాక్టర్లున్నారు. నిన్ను చూసుకోను వెనకాల ఒంటెలున్నాయి. పో."

ఆమె లేచి వెళ్ళింది.

రాత్రి పూట ముందు వెళ్ళేవాళ్ళ సంచుల మీద మెరిసే చిన్న కడ్డీలు తప్ప ఏమీ కనబడవట. ఆయనెలా ఉన్నాడో తెలియదు. తర్వాతి చెక్ పాయింటులో ఆయన నంబరు చెప్పి అడిగింది. వాళ్ళు వైర్‌లెస్‌లో కనుక్కుని, బాగున్నాడు, నీళ్ళు నిలుస్తున్నాయి అన్నారు. అప్పుడు కూర్చుని అటుకులు నానబెట్టుకుని తినిందట. తెల్లవారి ఎండ ముదిరాక క్యాంపు చేరింది. ఆ తర్వాత ఇంకా 42 కిలోమీటర్ల మారథాన్ ఒకటి మిగిలే ఉంది. అదీ పూర్తి చేసింది. మెడలో పతకం వేశారు.

"ఆ చీకట్లో వెనక్కి పోదామనిపించలేదా?" అని నేను అడిగాను.

"అనిపించింది. పది అడుగులు వెనక్కి వేసినాను కూడా. కానీ నేను ఆయన కోసం ఆగినానని ఒక మాట మా ఇంట్లో జీవితాంతం ఉండిపోయేది. ఆయన ఎప్పుడూ అనడు. నేనూ అనను. అయినా ఉంటుంది. దాన్ని మోయడం కన్నా ఈ సంచి మోయడం తేలిక అనుకున్నా" అంది పిన్నమ్మ.

చిన్నాయననూ అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. "రెండు రోజులు కడుపు మండింది. జీపులో కూర్చుంటే సిగ్గేసింది. ఆమె ఫినిష్ చేసిందని విన్నాక, సంతోషం ముందొచ్చిందో అసూయ ముందొచ్చిందో నాకే తెలీదు. కానీ సంతోషమే ఎక్కువసేపు నిలిచింది" అన్నాడు.

వాళ్ళు ఇంటికి వచ్చాక పతకం గురించి అడిగినవాళ్ళు తక్కువ. "మొగుణ్ణి ఎడారిలో వదిలేసి పతకం తెచ్చుకునింది" అనే మాట మాత్రం పెరంబూరు నుంచి కొళత్తూరు దాకా చుట్టాలందరి ఇళ్ళూ తిరిగి వచ్చింది. ఒక పెళ్ళిలో పిన్నమ్మ ముందే అన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంటికి వచ్చాక చాలాసేపు చీర మార్చుకోకుండా అలాగే కూర్చుంది. నేను చూశాను.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట గురించే.

మన సిలబస్‌లో లేకపోయినా మీకు తెలిసిన కథే, మహాప్రస్థానిక పర్వం. తిక్కన గారు తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అదీ ఒకటి. పాండవులూ ద్రౌపదీ కలిసి ఉత్తరంగా నడుస్తారు. వ్యాసుడి భారతంలో వాళ్ళు హిమవంతం దాటాక ఇసుక సముద్రం కనిపిస్తుంది. సముద్రమంత ఇసుక! అక్కడి నుంచి నడుస్తుంటే అందరికన్నా ముందు పడిపోయేది ద్రౌపది. ఎందుకు పడిపోయిందని భీముడు అడిగితే, ధర్మరాజు కారణం చెప్పి, తిరిగి చూడకుండా నడిచిపోతాడు. చివర్లో వెంట వచ్చిన కుక్కను మాత్రం వదలనంటాడు. దాన్ని మనం ధర్మం అని చదువుకున్నాం. ధర్మరాజు భార్యను వదిలేసి స్వర్గానికి పోయాడని మా చుట్టాల్లో ఎవరూ అనగా నేను వినలేదు.

అంత దూరం ఎందుకు, ఈ పందెంలోనే చూడండి. మొరాకోకే చెందిన లాసెన్ అహన్సాల్ దీన్ని 10 సార్లు గెలిచాడు. ఆయన తమ్ముడు మొహమద్ 5 సార్లు గెలిచాడు. అన్నదమ్ములు ఒకే ఇసుకలో పరుగెత్తి, ఒకరిని దాటి ఒకరు వెళ్ళారు. దానికి లోకం చప్పట్లు కొట్టింది. మరి భార్య దాటి వెళ్తే వదిలేయడం ఎలా అయింది?

నాకు తోచిన తేడా ఒకటుంది. ద్రౌపదిని ఎవరూ ఏమీ అడగలేదు. పడిపోయిన మనిషి నోటి నుంచి అక్కడ ఒక్క మాట లేదు. మా చిన్నాయన మాత్రం పడిపోయిన చోటి నుంచి తానే "పో" అన్నాడు. వదిలేయడం వేరు, సాగనంపడం వేరు. బయటివాళ్ళకు రెండూ ఒకేలా కనబడతాయి, రెండింట్లోనూ ఒకరి వీపే కదా కనబడేది.

ఇంకొక సంగతి. పందెం ముగిశాక వార్జాజాత్ ఊళ్ళో హోటల్లో ఇద్దరూ కలుసుకున్నారు. పిన్నమ్మ బూట్లు విప్పలేకపోయింది. చిన్నాయన కింద కూర్చుని, సాక్సును కత్తిరించి తీసి, బకెట్‌లో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళు కడిగి, బొబ్బలకు మందు రాశాడు. ఇది పిన్నమ్మ చెప్పలేదు, చిన్నాయనే మాటల్లో చెప్పేశాడు. మన పెళ్ళిళ్ళలో ఎవరు ఎవరి కాళ్ళు కడుగుతారో మీకు తెలుసు. మా అవ్వ ఆ మాట విని లేచి వంటింట్లోకి పోయింది. ఏమనుకుందో ఆ రోజు చెప్పలేదు.

మనం మూడో సంవత్సరంలో ఉన్నాం. నాలాగే మీలో కొందరికి సంబంధాలు చూస్తున్నారని తెలుసు. మాకు వచ్చే ఆదివారం ఒకళ్ళు వస్తున్నారు. అబ్బాయి మంచివాడేనట. పెళ్ళయ్యాక నేను ఎం.ఏ. చదువుకోవచ్చని కూడా చెప్పి పంపారు. ఆ "చదువుకోవచ్చు" అనే మాట సంతోషమే. కానీ అన్నీ బాగున్న రోజున చదువుకోమనడం కష్టం కాదు. ఆయన ఉద్యోగం పోయిన ఏడాది, ఆయన ఒంట్లో బాగాలేని నెల, ఆయన పరీక్ష తప్పి నేను ప్యాసైన రోజు, అప్పుడు ఏమంటారు? "నేను ఆగిపోతే మీరేం చేస్తారు" అనే ప్రశ్న సినిమాల్లో అందరూ అడుగుతారు. నేను రెండోది అడగాలనుకుంటున్నాను. "మీరు ఆగిపోయిన రోజున నన్ను పొమ్మంటారా?"

అమ్మకు చెప్పాను. "ఇట్లాంటివి అడిగితే ఉన్న సంబంధం కూడా పోతుంది" అంది.

పక్కన తమలపాకులు తుడుస్తున్న అవ్వ తలెత్తకుండానే, "అడగనీవే" అంది.