వలిసె చలికి పూయదంట!

బోటనీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

ఎమ్మెస్సీలో నా మొదటి సెమినార్ టాపిక్ ఎపిజెనెటిక్స్. ఆశ్రమ పాఠశాల, తెలుగు మీడియం. క్రొమాటిన్ అంటే ఏంటో తెలుసుకోడానికే వారం పట్టింది. డీఎన్ఏ దారం హిస్టోన్ అనే ప్రోటీన్ ఉండలకి చుట్టుకుని ఉంటుంది, అదే క్రొమాటిన్. చుట్టు బిగిస్తే కణం ఆ జీన్‌ని చదవలేదు. అక్షరాలు మాత్రం మారవు.

నేను తీసుకున్న ఉదాహరణ అరబిడాప్సిస్. ఆవాల కుటుంబంలో చిన్న మొక్క. చలి దేశాల రకాల్లో ఎఫ్‌ఎల్‌సీ అనే జీన్ పూతని ఆపి ఉంచుతుంది. కొన్ని వారాలు చలి తగిలితేనే అది మూతపడుతుంది. చలి మొదలవగానే అదే జీన్ వెనక చివర నుంచి, ఎదురు దిశలో, ప్రోటీన్ తయారుచేయని ఒక ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. పేరు కూల్‌ఎయిర్. 2009లో ఇంగ్లండ్‌లో కెరొలిన్ డీన్ బృందం దీన్ని చూపించింది. తర్వాత పాలీకోంబ్ ప్రోటీన్లు వచ్చి హిస్టోన్ల మీద మిథైల్ గుర్తులు పెడతాయి. ఎండలొచ్చినా ఆ గుర్తులు పోవు, జీన్ మూసే ఉంటుంది. కూల్‌ఎయిర్ ఎంతవరకు తప్పనిసరి అన్న దానిమీద సైంటిస్టులకి ఇంకా గొడవే.

మరి వెచ్చగా ఉన్నప్పుడు కూల్‌ఎయిర్‌ని ఆపేది ఎవరు? నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. అది మొదలయ్యే చోట ఆర్‌ఎన్‌ఏ వెళ్లి డీఎన్‌ఏ ఒక పోగుకి అతుక్కుంటుంది, రెండో పోగు విడిపోయి ఉంటుంది. దాన్ని ఆర్-లూప్ అంటారు. ఎన్‌డీఎక్స్ అనే ప్రోటీన్ ఆ విడి పోగుని పట్టుకుని లూప్‌ని నిలబెడుతుంది, కూల్‌ఎయిర్ తగ్గిపోతుంది. ఇది 2013లో తేలింది.

అంతా బాగానే చెప్పి, చివర్లో ఉత్సాహం ఆపుకోలేక "మా అరకు వలిసె పూలు కూడా ఇలాగే చలికి పూస్తాయి" అనేశా. మేడమ్ ఆపేశారు. వలిసె షార్ట్ డే మొక్క, పగలు తగ్గితే పూస్తుంది అన్నారు. వెనక నుంచి ఒకడు "ఏజెన్సీ వాళ్ల జీన్సే అంత" అన్నాడు. క్లాసంతా నవ్వారు. అరగంట నుంచి నేను చెప్పింది వాడి చెవికెక్కలేదు! జీన్ ఉండటం వేరు, అది నడవటం వేరు.

మన గ్రూపుల్లో కూడా "తాతల ఆకలి మన జీన్స్‌లో ముద్ర పడింది" అని పోస్టులు తిరుగుతున్నాయి. నేను షేర్ చేయను. ఎఫ్‌ఎల్‌సీ మీద చలి గుర్తులు విత్తనంలోని పిండంలోనే చెరిగిపోతాయి, ప్రతి మొక్కా తన చలికాలం తానే చూడాలి. ఒక మొక్క సంగతి తెచ్చి మన మీద అతికించడం ఆ వెనక బెంచీవాడు చేసిన పనే.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి వలిసె గురించి అడిగా. "ముందు జల్లినా వెనక జల్లినా, అందరి చేలూ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి కదరా, చూడలేదా?" అన్నాడు.