తురుంఖాన్ అంటే ఎవరు?

మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పాత పుస్తకాలకోసం కోఠి వెళ్ళాను. కోరిన పుస్తకం దొరకలేదు. ఎండ చురుక్కుమంటుంటే బస్టాపు దగ్గరి స్మారక స్తంభం పక్కన నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు ఆ దారినే పోయి పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి. ఒక్కనాడూ దానివంక చూసిన పాపాన పోలేదు. పుస్తకాలతన్ని అడిగితే, "ఎవరో లడాయి చేసిన్రట సార్, వాళ్ళ యాదికి కట్టిన్రు" అన్నాడు. నాకంటే అతనే నయం.

ఆ లడాయి 1857 జులై 17నాటిది. బుల్దానా నుంచి తిరగబడి వచ్చిన జమాదారు చీదాఖాన్‌ను దివాను సాలార్‌జంగు పట్టించి రెసిడెంటుకు అప్పగించాడు. అతణ్ణి విడిపించాలని తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ అయిదువందల మందిదాకా రోహిలాలతో రెసిడెన్సీమీదికి నడిచారు. కబురు ముందే చేరింది. చేరవేసినదీ దివాణమే. ఫిరంగుల ముందు ఆ రాత్రి గడిచేసరికి చెదిరిపోయారు. మౌల్వీ అండమానులో ప్రవాసఖైదీగానే కన్నుమూశాడు. తుర్రేబాజ్‌ఖాన్ 1859 జనవరిలో జైలునుంచి తప్పించుకున్నాడు. తలకు అయిదువేల రూపాయలు వెలకట్టారు. తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని ఊరివాళ్ళు చూసేటట్టు వేలాడదీశారు.

ఆ రెసిడెన్సీ అక్కడే ఉంది. ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటొకటి ఇటొకటి సింహాలు. ఖర్చు నిజాముది, పెత్తనం కంపెనీది. ఆ భవనం పేరు చెబితే మనవాళ్ళు కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ ఎత్తుకుంటారు. ప్రేమకథ అబద్ధమని కాదు; గోడకు అవతల నిలబడి తుపాకిదెబ్బ తిన్నవాడి కథకూడా అంత ఆసక్తిగా ఎందుకు చెప్పుకోమని నా బాధ. 1949నుంచి అందులో ఆడపిల్లల కళాశాల నడిచింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు నిర్ణయించారు. విసునూరు దేశముఖును ఎదిరించి పాలకుర్తిలో తన పంట తాను కోసుకున్న మనిషి పేరు ఆ సింహాలకు ఎదురుగా నిలవడం నాకు మహా ఇష్టమయింది.

తిరిగి వస్తుంటే ఒక పాత సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఎప్పుడో ఒక కుర్రవాడు క్లాసులో లేచి, "మీరట్, ఢిల్లీ, ఝాన్సీ చెప్పిన్రు. మన హైదరాబాదుల ఏం కాలేదా సార్?" అని అడిగాడు. పాఠ్యప్రణాళిక పూర్తికాలేదన్న తొందరలో ఉన్నాను. పైగా నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మాస్టరి అహంకారం అడ్డువచ్చింది. "పెద్ద తురుంఖాన్‌వి బయల్దేరావు, కూర్చో!" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

ఆ తిట్టు తుర్రేబాజ్‌ఖాన్ పేరునుంచే పుట్టిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. కుర్రవాడు తలవంచుకుని కూర్చున్నాడు. వాడు అడిగినదానికి జవాబు నా నోటినుంచే వచ్చిందని వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.