ముందెవరి వంతు?

మావాడిది ఏ పనిలోనైనా నిదానమే. మేమంతా మజ్జిగలోకి వచ్చేసరికి వాడింకా పప్పన్నంలోనే ఉంటాడు. వాళ్ళక్క గంటలో ముగించే లెక్కలు వీడికి సాయంత్రమంతా పడతాయి. "నీకంటే నత్త నయంరా" అని చుట్టాల ముందు కూడా ఎన్నోసార్లు అన్నాను.

మొన్న వేసవి సెలవుల్లో ఆవకాయ ముక్కలకి జీడి తీస్తూ కూర్చున్నాను. వాడు పక్కనే పోకెమాన్ ఆడుకుంటున్నాడు. 1996లో జపాన్‌లో పుట్టిన వీడియో గేమ్ అది. అందులో వింత వింత ప్రాణులు జట్లుగా పోట్లాడుకుంటాయి. వాడు ఆడేది అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడే జోడీ పోటీ.

"ముందెవరు కొట్టాలో ఎలా తెలుస్తుందిరా?" అన్నాను మాటవరసకి.

నిదానంగానే చెప్పాడు. మొదట రెండువైపులవాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు తమ ఎత్తు ఎంచుకోవాలట. ఆ తర్వాత ఎవరి వేగం ఎక్కువైతే వాళ్ళ వంతు ముందు. 'క్విక్ అటాక్' లాంటి కొన్ని ఎత్తులు మాత్రం మామూలు ఎత్తులకంటే ముందే జరిగిపోతాయి. పికాచూకి పుట్టుకతో వచ్చిన వేగం 90. వీడి జట్టులో ఉన్న స్నోర్లాక్స్, స్లోబ్రోలకు చెరి 30.

"మరి అలాంటి మందకొడివాటిని ఎందుకు పెట్టుకున్నావురా?"

"ట్రిక్ రూమ్ వేస్తే వరస తిరగబడుతుందమ్మా. నిదానంగా ఉన్నదే ముందు కొడుతుంది. వేసిన రౌండుతో కలిపి 5 రౌండ్లు."

"అయితే ఇంకేం, మొదట్లోనే వేసెయ్యి."

"అక్కడే ఉంది కష్టం. ఆ రౌండులో ట్రిక్ రూమ్ వేసేదాని వంతు ఆఖరున వస్తుంది. అందాకా అది దెబ్బలు తిని నిలబడాలి. అందుకే స్లోబ్రో పక్కన క్లెఫెయిరీని పెట్టాను. అది 'ఫాలో మీ' అంటే, స్లోబ్రోని గురిపెట్టిన దెబ్బలు తనమీద వేసుకుంటుంది."

నాకు పోయిన ఏడాది స్కూల్లో జరిగింది గుర్తొచ్చింది. "మీవాడు పరీక్ష పేపరు పూర్తి చెయ్యడండీ" అన్నారు టీచరుగారు. "ఇంట్లోనూ ఇదే వరస" అని నేను నవ్వేశాను. దారిపొడుగునా వాడు తలెత్తలేదు. ఆ రోజు వాడి పక్కనున్నది నేనే. అడ్డం నిలబడాల్సింది పోయి, నేనూ ఒక దెబ్బ వేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు చెయ్యి కడుక్కొచ్చి, "వీడికింకా తెమల్లేదా?" అని మొదలుపెట్టారు.

"తిననివ్వండి. నాదీ కాలేదు" అని నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

వాడు నావైపు చూశాడు. మెల్లిగా, నాకొక్కదానికే వినబడేట్టు, "ఫాలో మీ వేశావా అమ్మా?" అన్నాడు.

ఇప్పటికీ కంచం ముందు నుంచి ఆఖరున లేచేది వాడే. వాడు లేచేదాకా నేనూ లేవడంలేదు.