లంక ఒకటే.. అర్థాలెన్నో!

రావులపాలెం బస్టాండులో సంచీ చంకన పెట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని 'ఎక్కడికండీ?' అని అడిగితే 'ఆయ్.. లంకలోకండి' అంటాడు. వేసవి సెలవులకి హైదరాబాద్‌ నుంచి వచ్చిన మనవడు ఆ మాట విని కళ్లు పెద్దవి చేస్తాడు. వాడికి తెలిసిన లంక ఒక్కటే. అందులో బంగారు మేడలుంటాయి, పది తలల రావణుడుంటాడు, హనుమంతుడు తోకతో నిప్పంటిస్తాడు. తాతయ్య ఉండే లంకలో చూస్తే అరటితోట, రెండు గేదెలు, పడవల రేవు!

'మరి రావణుడేడీ తాతయ్యా?'

'వరదప్పుడు వస్తాడ్రా. ఎన్ని పాయలుంటే అన్ని తలలు!'

తాత సరదాకే అన్నా, ఆ మాటలో లంక వాసుల బతుకంతా ఉంది.

గోదావరి జిల్లాల్లో లంక అంటే ఏటి మధ్య మేట. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. నేల వాలు తగ్గి నీటి వేగం మందగించేసరికి, అంతదూరం మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ కిందికి దిగుతాయి. ఏటికేడు మేట పెరుగుతుంది. ముందు రెల్లు మొలుస్తుంది. దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. మరికొన్ని వరదలకి ఇంకాస్త ఒండ్రు చేరుతుంది. అప్పుడు రైతు పడవ దిగి ఇన్ని విత్తనాలు చల్లుతాడు. తర్వాత పాక, పశువులు, చివరికి ఊరు! యెదుర్లంక, ఊబలంక, పొట్టిలంక, బుర్రిలంక, కనకాయలంక, పెదపట్నంలంక.. చెబుతూ పోతే చాంతాడంత జాబితా. మొక్కల నర్సరీలకు పేరుపడ్డ కడియపులంక ఇప్పుడు జాతీయ రహదారి పక్కన ఉన్నా పేరులో లంక అలాగే ఉంది. రాజమండ్రి దగ్గర బ్రిడ్జిలంక ఉంది. అటు కొల్లేటి మధ్య ఊళ్లూ లంకలే. అన్నిటికన్నా చిత్రం ఆచంట మండలంలోని అయోధ్యలంక. రామాయణంలో సముద్రం దాటి యుద్ధం చేస్తే తప్ప కలవని రెండు పేర్లు ఇక్కడ ఒకే ఊరి బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి!

రెవెన్యూ లెక్కల్లో లంక భూములది ఒక ప్రత్యేక తరగతి. ఒకప్పుడు రాజమండ్రిలోనూ పనిచేసిన సి.పి.బ్రౌన్‌ తన నిఘంటువులో లంకకి ద్వీపమనే అర్థమిచ్చాడు. ఈ మాట ఇక్కడి పాత భాషల నుంచే సంస్కృతంలోకి వెళ్లిందని కొందరు పండితుల వాదన. అది ఎలా ఉన్నా, ఇక్కడ నదిలో ఉన్న ప్రతి మేటా లంకే. సంస్కృతంలో మాత్రం లంక ఒక్కటే.

ఆ ఒక్క లంక తెలుగింట్లోనూ బాగానే తిరుగుతోంది. గదులు ఎక్కువైతే 'లంకంత కొంప' అంటారు. ఇంట్లో మాట బయటికి పొక్కితే 'ఇంటిగుట్టు లంకకు చేటు' అంటారు. హిందీవాళ్లకీ దాదాపు ఇదే సామెత ఉంది. కాశీ వెళ్లిన తెలుగువాళ్లని ఆటోవాళ్లు 'లంక.. లంక' అంటూ పిలుస్తుంటారు. హిందూ విశ్వవిద్యాలయం సింహద్వారం దగ్గరి పేట అది. రామలీలలో లంక ఘట్టం ఆడేచోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పొరుగుదేశం సిలోన్‌ 1972లో శ్రీలంక అయ్యింది.

మన పాత జ్యోతిశ్శాస్త్రజ్ఞుల లంక మరొకటి. సూర్యసిద్ధాంతం లెక్కల్లో లంక అంటే భూమధ్యరేఖ మీద, ఉజ్జయిని మీదుగా గీసిన నిలువు గీత తగిలే చోటు. గ్రహగణితానికి అదే మొదలు. నేటి పటంలో చూస్తే ఆ చోట సముద్రం తప్ప ఏమీ లేదు. అంటే వాళ్ల లంకలో రాక్షసులూ లేరు, రైతులూ లేరు. ఉన్నది ఒక్క సున్నా!

ఇక దేశం దాటితే లంక వేషాలు అన్నీ ఇన్నీ కావు. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్టలు బాగా ఘాటు. బ్రిటిష్‌వాళ్లకి అవి ఎంత నచ్చాయంటే, పొగాకు పండిన నేల పేరే చుట్ట పేరైంది. ఇంగ్లిషు నిఘంటువులో 'లుంకా' అంటే ఘాటైన చుట్ట. 1890లో వచ్చిన 'ద సైన్‌ ఆఫ్‌ ఫోర్‌' నవలలో షెర్లాక్‌ హోమ్స్‌ పొగాకు బూడిదని బట్టి నేరస్థుణ్ని ఎలా పట్టవచ్చో చెబుతూ ఉదాహరణగా ఎంచుకున్నది ఈ లుంకానే! ఏ కోనసీమ రైతో ఎండబెట్టిన ఆకు లండన్‌ డిటెక్టివ్‌ చేతికి ఆధారమైంది.

ఆ మాట ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్లింది. ఏ ఓడా ఎక్కకుండా వేరేచోట్ల తమంతట తామే పుట్టిన లంకలూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదువుతున్న తెలుగు పిల్లలు చాలామందే. అక్కడి బజార్లో 'లంకా' కావాలంటే చేతిలో పెట్టేది పనసకాయ! పనసపొట్టు కూరంటే ప్రాణం పెట్టే గోదావరి పిల్లకి అంతకన్నా ఏం కావాలి? పక్కనున్న ఇండొనేసియాలో అదే పనసని 'నంకా' అంటారు. 'లంకా' అంటే మాత్రం అరుదైనదని అర్థం. అరుదైన జంతువులు వాళ్లకి 'సత్వ లంకా'. అందులో సత్వ మన సంస్కృతమే, లంకా వాళ్లదే. అక్కడెక్కడో మంచు దేశమైన ఫిన్లాండ్‌లో లంక అంటే నూలుపోగు, తీగ కూడా. తీగతో మాట్లాడే ఇంటి ఫోన్‌ వాళ్లకి 'లంకపుహెలిన్‌'!

పలికే తీరులో చిన్న చిన్న తేడాలున్నా చెవికి వినిపించేది దాదాపు ఒకే మాట. ఒకచోట బంగారు నగరం, ఒకచోట చుట్ట, ఒకచోట పనసకాయ, ఒకచోట దారప్పోగు. ఏది సరైనదని అడిగితే ఎవరి లంక వాళ్లకి సరైనది. మాటకి అర్థం చెప్పేది అక్షరాలు కాదు, దాంతో బతికే మనుషులు.

దీనికి లంకల గన్నవరాన్ని మించిన సాక్ష్యం లేదు. 1841లో మండపేటలో పుట్టిన సీతమ్మ, డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా ఈ ఊరికి వచ్చింది. ఏరు దాటి వచ్చేవాళ్లకీ, దాటాల్సినవాళ్లకీ ఆకలి వేళ ఆ ఇల్లే దిక్కు. కులం అడిగేది కాదు, వేళ చూసేది కాదు. ఒకసారి అంతర్వేది దర్శనానికి బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్నవాళ్లు తన ఇంటికే వస్తున్నారని విని, దేవుడి దగ్గరికి వెళ్లకుండా వెనక్కి తిరిగి వచ్చి వండి పెట్టిందని ఇప్పటికీ చెప్పుకొంటారు. 1909లో ఆమె కన్నుమూసింది. వైనతేయ మీద 2000లో ప్రారంభమైన అక్విడక్టుకి ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనమూ ఆమె పేరుతోనే సాగుతోంది. రామాయణంలో లంక అంటే సీతమ్మ కన్నీళ్లు పెట్టుకున్న చోటు. గోదావరి జిల్లాలో సీతమ్మ అన్నం పెట్టిన చోటు.

అలాంటి లంకలు ఏడాదికి కొన్నాళ్లు ఊపిరి బిగబట్టుకుని బతుకుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. అక్కడి అంకె వినగానే ఇక్కడి లంకల్లో పశువుల పలుపులు విప్పుతారు. బియ్యం అటకెక్కుతుంది. పిల్లలూ ముసలివాళ్లూ పడవల్లో ఏటిగట్టుకు చేరతారు. వరద తీశాక వెళ్లి చూస్తే కొందరి పొలంలో కొత్త ఒండ్రు ఉంటుంది, కొందరికి పొలమే ఉండదు. గట్టు కోసుకుపోయి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఏట్లో పడి ఉంటాయి. నేల పోయినా పట్టా కాగితంలో సర్వే నంబరు అలాగే ఉంటుంది. శిస్తు కట్టిన రసీదు కూడా.

అందుకే వరద రోజుల్లో హైదరాబాద్‌లోని కొడుకు పదేపదే ఫోన్‌ చేస్తాడు. 'ఎక్కడున్నావ్‌ నాన్నా? గట్టు మీదేనా?'

'గట్టు మీదేరా. నీళ్లు తీస్తున్నాయి. రేపు లంకలోకెళ్లిపోతాం.'

'ఇంకా ఆ లంకెందుకు నాన్నా? ఇక్కడికి వచ్చెయ్యొచ్చుగా!'

అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత నెమ్మదిగా వినిపిస్తుంది.

'గేదె ఈనేలా ఉందిరా.. పిల్లాడికి సెలవులిచ్చాక జున్ను తిందురుగాని రండి.'