కాలు ఖరీదు కట్టే లెక్క

మా ఆఫీసు క్యాబ్ నడిపే అతను రెండేళ్ళ క్రితం డ్యూటీ దిగి బైకు మీద ఇంటికెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. వయసు 34. ఇద్దరు పిల్లలు.

మూడో రోజుకే ఎవరో పెద్దమనిషి ఆసుపత్రి మంచం దగ్గరికొచ్చి "కేసు నేను చూసుకుంటా, వచ్చినదాంట్లో ఇరవై శాతం నాది" అన్నాడట. "సంతకం పెట్టేయమంటారా సార్?" అని నాకు ఫోను. నాకేం తెలుసు? ఆగమన్నాను. తర్వాత తెలిసింది, వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధమని.

అప్పట్నుంచి ఈ చట్టం చదవడం మొదలెట్టాను. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అంటే వేరే ఎక్కడో ఉండేది కాదు, మన జిల్లా కోర్టుల్లోనే. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు ఉండే ఊళ్ళోనూ కేసు వేయొచ్చు. 2019 సవరణ ప్రకారం ఆరు నెలల్లోగా వేయాలి, ఇది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, ఆ ధైర్యంతో ఆలస్యం చేయడం తెలివైన పని కాదు. మావాడు నాలుగో నెలలో వేశాడు.

ఇక లెక్క. నెల జీతానికి భవిష్యత్తులో పెరుగుదల కలుపుతారు. నలభై ఏళ్ళలోపు, పర్మనెంటు ఉద్యోగం కాకపోతే 40 శాతం (2017 ప్రణయ్ సేథీ తీర్పు). దాన్ని ఏడాదికి కట్టి, వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి అది 16 (2009 సరళా వర్మ తీర్పు). ఆ వచ్చినదాంట్లో సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. వైద్య ఖర్చులూ, బాధకి ఇచ్చేదీ వేరే.

ఇక్కడే అసలు సంగతుంది. డాక్టరు సర్టిఫికెట్లో 60 శాతం అని రాసినా కోర్టు చూడాల్సింది అది కాదు, ఆ మనిషి చేసే పని. 2010 రాజ్‌కుమార్ తీర్పులో ఎడమ చెయ్యి పోయిన ఉదాహరణ చెప్పారు: డ్రైవరుకో వడ్రంగికో అది దాదాపు నూరు శాతం నష్టం, గుమాస్తాకి ఉద్యోగమే పోకపోవచ్చు. అదే ప్రమాదం నాకు జరిగితే? నెల్లాళ్ళకి మళ్ళీ కీబోర్డు ముందు కూచునేవాణ్ణి.

మావాడు నెలకి పాతిక వేలు సంపాదించేవాడు. కానీ బ్యాంకులో పడేది పదిహేను, మిగతాది చేతికిచ్చేవారు. నూరు శాతం నష్టమని ఒప్పుకున్నారే అనుకోండి, పదిహేను వేల మీద లెక్కిస్తే 40,32,000. పాతిక మీద అయితే 67,20,000. తేడా 26,88,000 రూపాయలు! పోయింది అదే కాలు. లేనిది ఒక్క కాగితం.

మా టీమ్ వాళ్ళం పాత ట్రిప్ షీట్లు వెతికి ఇచ్చాం. వాటిని ఎంతవరకు నమ్ముతారో చూడాలి, కేసు ఇంకా నడుస్తోంది. "ఆటోమేటిక్ కారు నడపొచ్చు కదా?" అని ఇన్సూరెన్సు లాయరు అడిగాడట.

మనకి ఫారం 16 ఊరికే మెయిల్‌లో వచ్చి పడుతుంది. మన డ్రైవరుకీ, ఇంట్లో పనిచేసే ఆమెకీ రాదు. అందుకే ఈ నెల నుంచి మా పనమ్మాయి జీతం మొత్తం బ్యాంకులోనే వేస్తున్నాను. ఖర్చేం కాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు వేయలేదంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.